పస్కాకి ముందు ముప్పై రోజులు: మందిరంలో, ఇంట్లో ఏది ఎప్పుడు చేయాలి

పస్కా యూదుల పండుగ, ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైన జ్ఞాపకం. ఆ రోజుల్లో పులిసిన ధాన్యం తినరు, ఇంట్లో ఉంచుకోరు. దానికి నెల ముందు వచ్చే పూరీం పండుగ అయిన మర్నాటి నుంచి ప్రతి ఏడాదీ అవే ప్రశ్నలు. చపాతీలు కాల్చిన పెనం పనికొస్తుందా? ఇంగువ డబ్బా తీసేయాలా? ఇడ్లీ పిండి పులుస్తుంది కదా, తినొచ్చా? కాకరకాయ చేదే కదా, సెడెర్ (పస్కా రాత్రి కథ చెప్పుకుంటూ చేసే భోజనం) పళ్ళెంలో పెడితే ఏం? గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిం అనే తెలుగు కుటుంబాలున్నాయి. పై దేశాల్లో యూదు సమాజాల్లో కలిసిన తెలుగువాళ్ళున్నారు. పండుగ గురించి ఇంగ్లీషులో దొరికే జాబితాలు ఎక్కువగా బ్రెడ్డు, కేకుల వంటింటికి రాసినవి. గ్రైండరూ పెనమూ పోపులపెట్టే ఉన్న వంటింటికి అవి సరిపోవు. అందుకే ఇది రాస్తున్నాం.

ముందే ఒక మాట. చాలామంది అలమరాలతో మొదలుపెడతారు. నెలంతా తోమి తోమి, పండుగ రాత్రి ఒళ్ళు హూనమై సెడెర్ దగ్గర కునికిపాట్లు పడతారు. ఈ వరుస తప్పు. సమాజంతో కలిసి చేయాల్సినవి ముందు, చదువు తర్వాత, చీపురు ఆ తర్వాత. ఫ్యాను రెక్కల మీది దుమ్ము పాపం కాదు, అది వచ్చే నెల తుడుచుకోవచ్చు. వెతకాల్సింది హమేత్స్‌ని.

హమేత్స్ అంటే ఐదు ధాన్యాల్లో పులిసినది: గోధుమ, బార్లీ, రై, ఓట్స్, గోధుమ జాతికే చెందిన స్పెల్ట్. వీటి పిండికి నీళ్ళు తగిలి 18 నిమిషాలు కదపకుండా ఉంటే పులిసినట్టే లెక్క. ఈ ఐదూ కానిది ఎంత పొంగినా హమేత్స్ కాదు. సగం ప్రశ్నలకు జవాబు ఈ ఒక్క ముక్కలో ఉంది.

ఏమేం కావాలి

- ఆ ఏటి యూదు క్యాలెండర్, మీ ఊరి సూర్యోదయ సూర్యాస్తమయ వేళలతో
- హగ్గదాలు (సెడెర్ రాత్రి చదివే పుస్తకం), వీలైతే మనిషికొకటి
- హమేత్స్ అమ్మకానికి రబ్బీకి (యూదు మతగురువుకి) ఇచ్చే అధికార పత్రం
- పాత్రలు ముంచి కాచడానికి పెద్ద గుండిగ, పట్టకారు
- కొత్త స్క్రబ్బర్లు, మూతలున్న అట్టపెట్టెలు, అంటించే టేపు, మార్కర్
- వెతికే రాత్రికి ఒకే వత్తి ఉన్న కొవ్వొత్తి, చెక్క గరిటె, పక్షి ఈక, కాగితపు సంచి
- మత్సా (పులియని రొట్టె), ద్రాక్షారసం, చేదుకూర (లెక్కలు కింద ఉన్నాయి)
- ఇవ్వడానికి పక్కన పెట్టిన డబ్బు

1. తేదీలు రాసి గోడకు అంటించండి

పూరీం నుంచి పస్కా మొదటి పగటికి ఏ ఏడాదైనా సరిగ్గా 30 రోజులు. పండుగకు ముప్పై రోజుల ముందే దాని నియమాలు అడగడం, చెప్పడం మొదలుపెట్టాలని తల్మూద్ (యూదు పండితుల ప్రాచీన ధర్మ చర్చల గ్రంథం) మాట. 2027 సంవత్సరం తేదీలు ఇవీ (షబ్బాత్ అంటే శనివారపు విశ్రాంతి దినం):

- షబ్బాత్ షెకాలీం: 6 మార్చి
- షబ్బాత్ జాఖోర్: 20 మార్చి
- పూరీం: 23 మార్చి (22 రాత్రి నుంచే)
- షబ్బాత్ పారా: 27 మార్చి
- షబ్బాత్ హహోదెష్: 3 ఏప్రిల్
- షబ్బాత్ హగాదోల్: 17 ఏప్రిల్
- హమేత్స్ వెతికే రాత్రి: 20 ఏప్రిల్, మంగళవారం
- మొదటి సెడెర్: 21 ఏప్రిల్, బుధవారం రాత్రి

తెలుగు క్యాలెండర్ తెలిసినవాళ్ళకు ఒక ఆనవాలు: పస్కా వచ్చే నీసాను నెల మొదలయ్యేదీ మన చైత్రంలాగే అమావాస్య దాటాక. 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న ఉగాదీ నీసాను ఒకటో తేదీ ఒకే రోజు వచ్చాయి. సెడెర్ రాత్రి ఆకాశంలో నిండు చంద్రుడుంటాడు. ఇది గుర్తుకి మాత్రమే. అధిక మాసాల లెక్క రెండింటిలో వేరు కాబట్టి పంచాంగం చూసి పండుగ తేదీ పెట్టుకోవద్దు.

2. నాలుగు షబ్బాత్‌లు తప్పిపోకుండా చూసుకోండి

షెకాలీంలో నిర్గమకాండం 30:11–16, జాఖోర్‌లో ద్వితీయోపదేశకాండం 25:17–19, పారాలో సంఖ్యాకాండం 19:1–22, హహోదెష్‌లో నిర్గమకాండం 12:1–20 చదువుతారు. ఆ వారపు భాగానికి ఇది అదనం. కాబట్టి తోరా (మోషే ఐదు కాండాల) చుట్టలు రెండు కావాలి. ఒక్కటే ఉంటే శుక్రవారం మధ్యాహ్నమే రెండో చోటు ఎంత దూరం తిప్పాలో చూసి పెట్టుకోండి. ఆ పని చదువు మధ్యలో పెట్టుకుంటే పిల్లలతో సహా అందరూ కబుర్లలో పడతారు.

నాలుగింటిలో జాఖోర్ మూడు వచనాలే, కానీ వినడం తోరా ఆజ్ఞ అని చాలామంది పెద్దలు తేల్చారు. ఆలస్యంగా వచ్చేవాళ్ళకు ఆ ఉదయం చదువు సుమారు ఎన్నింటికో ముందే చెప్పండి. తప్పిపోతే, పూరీం పొద్దున చదివే నిర్గమకాండం 17:8–16 వినేటప్పుడు ఆ ఉద్దేశం మనసులో పెట్టుకోవచ్చని చెప్పినవారున్నారు.

సామూహిక ప్రార్థనకు కావలసిన పదిమంది కూడని చిన్న సమాజమైతే, లేదా తోరా చుట్ట లేకపోతే, అచ్చు పుస్తకంలోంచి ఆ భాగం చదవండి. చదువుకు ముందూ వెనకా చెప్పే ఆశీర్వచనాలు మాత్రం చెప్పొద్దు. వింటే బాగుంటుంది కదా అని చెప్పేస్తుంటారు. అది పొరపాటు.

షబ్బాత్ హగాదోల్ రోజు రబ్బీ ప్రసంగం పండుగ నియమాల మీదే ఉంటుంది. ప్రశ్నలు కాగితం మీద రాసి ఆ వారం మొదట్లోనే ఇవ్వండి. ఆ రోజు ప్రవక్తల భాగం హీబ్రూ పుస్తకంలో మలాకీ 3:4–24. తెలుగు బైబిలు పట్టుకుని వెతికితే 3వ అధ్యాయం 18వ వచనంతోనే అయిపోతుంది. మిగతా ఆరు వచనాలు అక్కడ 4వ అధ్యాయంగా ఉన్నాయి. ఇది తెలియక ప్రతిసారీ ఎవరో ఒకరు ఏలీయా ప్రస్తావన దగ్గర తప్పిపోతారు.

3. గోధుమల సొమ్ము, అతిథుల జాబితా: నీసాను నెల రాకముందే

మాఓత్ హిట్టీం అంటే మాటకు మాట గోధుమల సొమ్ము. లేనివాళ్ళ ఇంట్లో పస్కా జరగడానికి సమాజం పోగుచేసే డబ్బు. ఊళ్ళో పన్నెండు నెలలు ఉన్నవాళ్ళంతా ఇవ్వాలన్నది పాత నియమం. ఎప్పుడు ఇవ్వాలన్నదే ఇక్కడ అసలు సంగతి. పండుగ ముందు రోజు చేతిలో పెట్టిన డబ్బుతో మత్సా కొనడానికి దుకాణంలో సరుకు ఉండదు. కనీసం రెండు వారాల ముందు అందాలి.

పంచేవాళ్ళు ఇద్దరుండాలి. ఎవరికి ఎంత ఇచ్చారో ఆ ఇద్దరి మధ్యే ఉండాలి. జాబితాని మందిరం గోడకో వాట్సాప్ గుంపులోనో పెట్టడం ఇచ్చినదాన్నంతా చెడగొట్టడమే.

దీంతోపాటే సెడెర్‌కి ఎవరు ఎక్కడ కూర్చుంటారో తేల్చండి. హగ్గదా మొదట్లోనే "ఆకలిగొన్నవాళ్ళందరూ వచ్చి తినండి" అంటాం. తలుపు మూసి, బల్ల చుట్టూ మనవాళ్ళు మాత్రమే కూర్చున్నాక ఆ పిలుపు ఎవరికి వినపడుతుంది? పిలుపు నెల ముందే వెళ్ళాలి. హాస్టల్లో ఉన్న విద్యార్థి, ఈ ఏడాది భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్ళు, కొత్తగా ఊరికి వచ్చినవాళ్ళు, మతం స్వీకరించే దారిలో ఉండి తమ ఇంట్లో ఒంటరిగా మిగిలినవాళ్ళు. మాట్లాడక మానేసినవాళ్ళుంటే వాళ్ళకూ ఇప్పుడే ఫోన్ చేయండి. తల్మూద్ బెరఖోత్ 17ఎలో ఒక ప్రార్థన ఉంది: నీ చిత్తం చేయాలనే మాకుంది, అడ్డుపడుతున్నది పిండిలోని పులుపు అని. అహంకారమూ పిండిలాగే ఊరుకుంటే పొంగుతుంది. అలమరా మూల ముక్కల కంటే ముందు తీయాల్సింది అదే.

సరిచూసుకోండి: నీసాను ఒకటో తేదీ నాటికి మీ సమాజంలో ప్రతి పేరు ఎదురుగా వాళ్ళు సెడెర్ చేసే ఇల్లు ఏదో రాసి ఉండాలి. ఒక్క పేరు ఎదురుగా ఖాళీ ఉన్నా ఈ పని పూర్తి కాలేదు.

4. వారానికి అరగంట చదువు

నాలుగు వారాలు, నాలుగు అరగంటలు చాలు. మొదటి వారం నియమాలు. రెండో వారం హగ్గదాలో "మేము ఫరోకి బానిసలం" నుంచి ముందుకి. మూడో వారం పిల్లలకు, వాళ్ళు సెడెర్ దగ్గర అడిగే "మా నిష్తానా" నాలుగు ప్రశ్నలు. నాలుగో వారం బల్ల దగ్గర ఎవరు ఏ భాగం చెప్తారో పంచుకోవడం.

హీబ్రూ పెద్దగా రానివాళ్ళు హగ్గదా అంతా గడగడా చదివి ముగించడం మామూలుగా జరిగే పొరపాటు. పూర్వపు పండితుడు రబ్బాన్ గమ్లియేల్ మాట ప్రకారం మూడింటిని వివరించనివాడు ఆ రాత్రి బాధ్యత తీర్చుకున్నట్టు కాదు: పస్కా బలి, మత్సా, చేదుకూర. బల్ల చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరూ ఈ మూడింటి అర్థం తమ మాటల్లో, తెలుగులో, రెండేసి వాక్యాల్లో చెప్పగలగాలి. మూడో వారానికే చెప్పించి చూడండి.

నీసాను నెలలో పూసిన పండ్ల చెట్లను చూసి ఏడాదికి ఒక్కసారి చెప్పే ఆశీర్వచనం కూడా ఉంది. రెండు చెట్లుంటే మేలు. మన వైపు ఆ నాటికి మామిడి పూత పోయి కాయలు పడి ఉంటాయి, కాయ ఎదిగిన చెట్టు దీనికి పనికిరాదు. పూత మీదున్న దానిమ్మో నిమ్మో చూసుకోండి.

5. వంటింటి సామాను మూడు గుట్టలుగా వేరుచేయండి

పండుగకు రెండు వారాల ముందు చేయాల్సిన పని. ముందు మీ సంప్రదాయం తేల్చుకోండి. అష్కెనాజీలు (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదులు) బియ్యం, పప్పులు, ఆవాలు, నువ్వులు, మొక్కజొన్న తినరు. వీటిని కిట్నియోత్ అంటారు. సెఫర్దీలలో (స్పెయిన్ మూలాల యూదుల్లో) చాలామంది తింటారు. భారతదేశంలో బెనె ఇజ్రాయెల్, కొచ్చి యూదులు అన్నం తినేవాళ్ళే. కొచ్చి ఇళ్ళల్లో పూరీం అయిన వెంటనే బావులు తోడించి, బియ్యం గింజ గింజా చూసి ఏరేవాళ్ళు. అమెరికాలో కన్సర్వేటివ్ శాఖ న్యాయ సంఘం 2015లో కిట్నియోత్‌ని అనుమతించింది. నోటికి నచ్చిన సంప్రదాయం కాదు, మీరు ఏ సమాజంలో ప్రార్థన చేస్తారో ఆ సమాజపు సంప్రదాయం పాటించండి.

*తీసేయాల్సిన గుట్ట:* గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమియా, బ్రెడ్డు, బిస్కెట్లు, రస్కులు, ఓట్స్, బీరు, విస్కీ, హార్లిక్స్ లాంటి మాల్టు పొడులు, గోధుమతో చేసిన పసిపిల్లల ఆహారం, గోధుమ వేసిన సోయా సాస్, గులాబ్ జామ్ పొడి, కాజాలు.

*చీటీ చదవాల్సిన గుట్ట:* ఇక్కడే ఎక్కువమంది దొరికిపోతారు. మొదటిది ఇంగువ. దుకాణంలో దొరికే కూటు ఇంగువలో చాలా రకాలకు గోధుమ పిండో మైదానో కలుపుతారు. అంటే ఆ ఇంగువతో పోపు పెట్టిన పచ్చడి, ఆ ఇంగువ వేసిన సాంబారు పొడి, రసం పొడి కూడా అనుమానమే. రెండోది రెడీమేడ్ ఇడ్లీ, దోసె మిక్సులు. మూడోది వెనిగర్, మాల్టుదైతే పనికిరాదు.

*ఉంచుకునే గుట్ట, అన్నం తినేవాళ్ళకు:* బియ్యం, పప్పులు, బెల్లం, పొడులుగా కాకుండా గింజలుగా ఉన్న మసాలాలు. బియ్యం మూడుసార్లు ఏరాలి. పగటి వెలుగులో, తెల్లటి పళ్ళెంలో పలచగా పరిచి, గుప్పెడు గుప్పెడుగా. చూడాల్సింది రాళ్ళ కోసం కాదు, కలిసిన గోధుమ గింజ కోసం. మూడోసారి గోధుమ గింజ దొరికితే ఆ సంచి పక్కనపెట్టి ఇంకోటి తీయండి.

ఇడ్లీ పిండి సంగతి: బియ్యం, మినపప్పు పులిస్తే హమేత్స్ కాదు. తల్మూద్ దాన్ని వేరే మాటతో, చెడిపోవడం అని చెప్పింది. కాబట్టి అన్నం తినే సంప్రదాయంలో ఇడ్లీ, దోసె తినొచ్చు. రవ్వ దోసె మాత్రం వద్దు. అసలు ప్రమాదం మరలో ఉంది. పిండి మరలో మీకంటే ముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటారు, ఆ పిండి మీ బియ్యప్పిండిలోకి వస్తుంది. పస్కాకి బియ్యప్పిండి, ఇడ్లీ రవ్వ బయట కొనొద్దు, ఆడించొద్దు. ఏరిన బియ్యం ఇంట్లోనే రుబ్బుకోండి.

మందులు ఆపొద్దు. పదార్థాల మీద అనుమానముంటే రబ్బీని, డాక్టరునీ అడగండి. ఈలోపు మాత్ర వేసుకుంటూనే ఉండండి.

6. శుభ్రం చేయడం

తిండి వెళ్ళే చోట్లే చూడండి. కారు సీట్ల సందులు, పిల్లల బడి సంచులు, కోటు జేబులు, సోఫా దిండ్ల కింద, టిఫిన్ క్యారియర్ క్లిప్పులు. తిండి ఎప్పుడూ వెళ్ళని పై అటక వదిలేయండి. మందిరంలో మర్చిపోయేవి: కిద్దూష్ గది (ప్రార్థన తర్వాత ఫలహారం తినే గది), ప్రార్థన పుస్తకాల మధ్య పడిన బిస్కెట్ పొడి, పిల్లల గది బొమ్మల పెట్టె. ఇల్లు మెరుస్తుంటే మందిరం ఫ్రిజ్‌లో సగం తిన్న కేకు ఉండిపోయిన సందర్భాలు తక్కువ కాదు. ఆ ఫ్రిజ్‌కి ఒక మనిషి పేరు రాయండి.

7. పాత్రలు కాషెర్ చేయడం

కాషెర్ అంటే నియమం ప్రకారం వాడదగినది. సూత్రం ఒకటే: పాత్ర హమేత్స్‌ని ఎలా పీల్చుకుందో అలాగే వదులుతుంది. నీళ్ళలో ఉడికించిన పాత్ర మరిగే నీళ్ళతో, నేరుగా మంట మీద కాల్చిన పాత్ర మంటతో.

మరిగే నీళ్ళ పద్ధతి:

క) పాత్రని శుభ్రంగా తోమండి. మాడు, తుప్పు, స్టిక్కర్ జిగురు ఉండకూడదు. ఉంటే ఆ కింద నీళ్ళు తగలవు, అక్కడ పని జరగనట్టే.

చ) 24 గంటలు వేడి వంటకు వాడకుండా పక్కన పెట్టండి. నీళ్ళు కాచే గుండిగ కూడా.

ట) గుండిగలో నీళ్ళు తెర్లుతూ మరగాలి. పాత్ర మొత్తం మునగాలి. చల్లటి స్టీలు పడగానే మరుగు ఆగిపోతుంది. మళ్ళీ బుడగలు లేచేదాకా ఆగి అప్పుడు తీయండి. అందరూ తొందరపడేది ఇక్కడే.

త) చెంచాలు గుత్తిగా వేయొద్దు, ఒకదానికొకటి ఆనిన చోట నీళ్ళు తగలవు. నాలుగైదు చొప్పున వేసి కదపండి. పట్టకారు పట్టు మార్చి పట్టుకోండి.

ప) తీసిన వెంటనే చన్నీళ్ళలో ముంచండి.

గుండిగలో పట్టనంత పెద్ద పాత్రకి ఒక ఉపాయం ఉంది. దాన్నే అంచు దాకా నీళ్ళతో నింపి మరిగించండి. పక్క పొయ్యి మీద శుభ్రమైన రాయిని బాగా కాల్చి, పట్టకారుతో ఆ నీళ్ళలో వదలండి. నీళ్ళు భగ్గున పొంగి అంచు మీంచి చుట్టూ పొర్లాలి. అంచు మొత్తం తడిసిందో లేదో చూడండి, ఒక పక్క పొడిగా ఉంటే మళ్ళీ చేయాలి. పొయ్యి ఆరిపోవచ్చు, గ్యాసు వాసన కనిపెట్టుకోండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

కుక్కర్‌కి వెయిట్, రబ్బరు, పిడి విడదీసి ఒక్కొక్కటీ శుభ్రం చేయాలి. రబ్బరు కొత్తది కొనడం తేలిక.

చపాతీ పెనం మరిగే నీళ్ళతో కాదు, నిప్పురవ్వలు రాలేంత ఎర్రగా కాలాలి. మామూలు గ్యాసు పొయ్యి మీద అది దాదాపు కుదరదు. పస్కాకి వేరే ఇనుప పెనం కొని, పండుగ పెట్టెలో ఏటికేడాది దాచుకోండి. నాన్‌స్టిక్ పెనం అసలు కుదరదు, అంత వేడికి పూత పోతుంది.

దారి లేనివి: మట్టి పాత్రలు, పింగాణీ, పిండి జల్లెడ, చపాతీ పీట, అప్పడాల కర్ర. వీటిని పెట్టెలో పెట్టి టేపు వేయండి. గాజు విషయంలో సెఫర్దీలు కడిగితే చాలంటారు, అష్కెనాజీలు గట్టిగా ఉంటారు. బియ్యం, మినపప్పు తప్ప ఇంకేమీ వేయని గ్రైండర్ ఉంటే, అన్నం తినేవాళ్ళు బాగా కడిగి వాడుకోవచ్చు. "ఒక్కసారే గోధుమ వేశాం" అంటే రబ్బీని అడగండి.

గ్రానైట్ గట్టు, స్టీలు సింకు: 24 గంటల తర్వాత తుడిచి ఆరబెట్టి, పొయ్యి మీంచి దించిన మరిగే నీళ్ళు కెటిల్‌లోంచి నేరుగా ప్రతి చోటా పోయండి. చెంబులోకి వంచి పోస్తే వేడి తగ్గిపోతుంది.

8. హమేత్స్ అమ్మకం: కనీసం వారం ముందు

పస్కాలో యూదుడి సొంతమై ఉన్న హమేత్స్ పండుగ తర్వాత కూడా నిషిద్ధం. పారేయలేని సరుకుని రబ్బీ ద్వారా యూదుడు కానివాళ్ళకు అమ్ముతాం. పత్రంలో చిరునామా, ఏ అలమరా, ఏ రకం సరుకు, సుమారు విలువ రాసి సంతకం చేయాలి. రబ్బీ ఒక పెన్నో రుమాలో ఎత్తమంటారు, అధికారం అప్పగించిన గుర్తుకి. ఇది నిజమైన అమ్మకం, ఉత్తుత్తి కాదు. అలమరాకి టేపు వేసి "అమ్మినది" అని రాయండి.

దూరదేశపు రబ్బీకి ఆన్‌లైన్లో ఇచ్చేవాళ్ళు వేళలు చూసుకోండి. న్యూయార్క్‌లో పొద్దున 10 గంటలకు అమ్మకం జరిగితే ఇక్కడ భారతదేశంలో అప్పటికి రాత్రి 7:30, గడువు (లెక్క 11లో ఉంది) ఎప్పుడో దాటిపోయింది. అమ్మకం మీరున్న చోటి గడువు లోపల జరగాలి. తిరిగి కొనడం మీ చోట పండుగ ముగిశాకే జరగాలి. ఇజ్రాయెల్‌లో ఏడు రోజులు, బయట ఎనిమిది. పత్రంలో మీ ఊరు స్పష్టంగా రాసి, ఈ రెండూ నోటితో అడిగి నిర్ధారించుకోండి.

కిట్నియోత్ తినని ఇంట్లో కూడా పప్పు బియ్యాలు అమ్మక్కర్లేదు, పక్కన పెడితే చాలు.

9. మత్సా, చేదుకూర, ద్రాక్షారసం

మత్సా చూడ్డానికి కాలిన చపాతీలా ఉంటుంది. అందుకే "ఇంట్లో గోధుమ పిండితో చేసుకుంటే?" అని అడుగుతారు. వద్దు. పెద్ద మిల్లుల్లో గోధుమని ఆడే ముందు నీళ్ళతో తడుపుతారు, కాబట్టి దుకాణం పిండి అప్పటికే అనుమానం. మత్సాకి పిండి నీళ్ళు తగలకుండా కాపాడినదై ఉండాలి, నీళ్ళు రాత్రంతా నిలవ ఉంచినవై ఉండాలి, కలిపిన దగ్గర్నుంచి కాలేదాకా 18 నిమిషాలు దాటకూడదు. తెలిసినవాళ్ళ పర్యవేక్షణ లేకుండా ఇది చేయకండి. "పస్కాకి కాషెర్" అని ముద్ర ఉన్న పెట్టె తెప్పించుకోండి. మామూలు రోజుల మత్సా కూడా అమ్ముతారు, అది పనికిరాదు. పెద్దవాళ్ళకు సెడెర్‌కి మనిషికి మూడు చొప్పున లెక్కేసి, మిగతా రోజులకు విడిగా చూసుకోండి. పండుగ ముందు రోజు మత్సా తినకూడదు. పిల్లలు పెట్టె విప్పకుండా పైన పెట్టండి.

ద్రాక్షారసం: కప్పు కనీసం 86 మిల్లీలీటర్లు అనుకుంటే, సెడెర్ దగ్గర తాగే నాలుగు కప్పులకు 344. ఇజ్రాయెల్ బయట మొదటి రెండు రాత్రులూ సెడెర్ కాబట్టి రెండింటికి 688, అంటే 750 మిల్లీలీటర్ల సీసా మనిషికొకటి. కాషెర్ ద్రాక్షారసం దొరకని చోట భారతీయ యూదుల పాత పద్ధతి ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసం. నీటి కొలతలో ఆరో వంతు కంటే ఎక్కువ ఎండుద్రాక్ష ఉండాలి.

చేదుకూర: మిష్నా (తల్మూద్‌కి మూలమైన నియమ గ్రంథం) ఐదు మొక్కలు చెప్పింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది రోమెయిన్ లెట్యూస్. ప్రతి ఆకూ విడదీసి ఉప్పునీళ్ళలో నానబెట్టి, కడిగి, వెలుతురుకి ఎత్తి పురుగుల కోసం చూడాలి. కాకరకాయ ఆ ఐదింటిలో లేదు, ఎంత చేదైనా సరే. ఉగాది పచ్చడిలో వేసే వేపపువ్వూ అంతే.

బైబిలు చదివి పెరిగినవాళ్ళు గొర్రెపిల్లని కోయాలా అని అడుగుతారు. ఆలయం లేదు కాబట్టి బలి లేదు. మొత్తం గొర్రెని కాల్చి బల్ల మీద పెట్టడాన్ని మిష్నా కాలం నుంచే వద్దన్నారు. పళ్ళెంలో కాల్చిన ఎముక గుర్తుగా మాత్రమే.

10. వెతికే రాత్రి

చీకటి పడగానే మొదలుపెట్టండి, భోజనానికి ముందే. పది చిన్న రొట్టెముక్కలు కాగితంలో చుట్టి ఇంట్లో అక్కడక్కడా పెట్టడం ఆచారం. చుట్టకుండా పెడితే పొడి రాలుతుంది. ఎక్కడ పెట్టారో పెట్టినవాళ్ళు రాసుకోవాలి. తొమ్మిదే దొరికి పదోదానికోసం అర్ధరాత్రి దాకా సోఫాలు ఎత్తే ఇళ్ళు చాలా ఉన్నాయి.

దీపాలు తగ్గించి, కొవ్వొత్తి వెలిగించి "అల్ బిఊర్ హమేత్స్" ఆశీర్వచనం చెప్పి మొదలుపెట్టాలి. ఆశీర్వచనానికీ వెతకడానికీ మధ్య మాట్లాడకూడదు. తెరల దగ్గర, మంచాల కింద, కారులో టార్చి వాడండి.

పది ముక్కలు దొరికితే పని అయిపోయిందనుకోవద్దు. నిజంగా మూలలు చూడండి. తర్వాత "కోల్ హమీరా" చెప్పాలి. అది అరమాయిక్‌లో ఉంది, అర్థం కాకుండా చదివితే లాభం లేదు. తెలుగులో చెప్పొచ్చు: "నా దగ్గర ఉండి నేను చూడని, తొలగించని పులిసినదేదైనా, పులిపిండి ఏదైనా లేనట్టే అగుగాక, ఎవరిదీ కాక నేల మట్టితో సమానమగుగాక." పొద్దున తినడానికి పెట్టుకున్నది ఒకే చోట మూతేసి ఉంచండి.

పండుగకు ముప్పై రోజుల లోపల ఊరికి వెళ్ళిపోయేవాళ్ళు, బయల్దేరే ముందు రాత్రి ఆశీర్వచనం లేకుండా వెతకాలి.

11. నీసాను 14 పొద్దున

ఇంటికి తొలిచూలు మగపిల్లలు ఆ రోజు ఉపవాసం. మందిరంలో పొద్దుటి ప్రార్థన తర్వాత ఎవరైనా తల్మూద్ భాగం ఒకటి చదివి ముగిస్తే, ఆ విందులో పాల్గొని ఉపవాసం విడవచ్చు. ముగించే మనిషి ఎవరో నెల ముందే తేల్చాలి.

గడువు లెక్క: సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న కాలాన్ని 12 భాగాలు చేయండి. హమేత్స్ తినడం నాలుగో భాగం చివరిదాకా, కాల్చడం ఐదో భాగం చివరిదాకా. ఉదాహరణకి 6:00కి ఉదయం, 6:24కి అస్తమయం అయితే పగలు 744 నిమిషాలు, ఒక్కో భాగం 62. తినడం 10:08 దాకా, కాల్చడం 11:10 దాకా. కొన్ని సమాజాలు తెల్లవారుజాము నుంచి లెక్కిస్తాయి, అప్పుడు గడువు ఇంకా ముందే వస్తుంది.

కాల్చాక మళ్ళీ కోల్ హమీరా చెప్పాలి. ఇది రాత్రిదానితో సమానం కాదు: "చూసినదీ చూడనిదీ, తొలగించినదీ తొలగించనిదీ" అని అన్నిటినీ కలుపుతుంది. అలవాటుగా రాత్రి మాటలే మళ్ళీ చదివేస్తారు, చూసుకోండి. గడువు దాటాక చెబితే చెల్లదు.

ఈ రోజే షబ్బాత్ అయితే పద్ధతి చాలా మారుతుంది. 2025లో అలా వచ్చింది, మళ్ళీ 2045లో వస్తుంది.

12. ఆ మధ్యాహ్నం

2027లో ఇజ్రాయెల్ బయట పండుగ గురు, శుక్రవారాలు, వెంటనే షబ్బాత్. కాబట్టి బుధవారమే ఎరూవ్ తవ్షిలీన్ పెట్టాలి: ఒక మత్సా, ఉడికించిన గుడ్డు పక్కన పెట్టి ఆశీర్వచనం చెప్పడం. ఇది లేకపోతే శుక్రవారం షబ్బాత్‌కి వంట చేయకూడదు. ఆ గుడ్డు షబ్బాత్ భోజనం దాకా ఉండాలి, ఫ్రిజ్‌లో చీటీ అంటించి పెట్టండి. లేకపోతే గురువారం ఎవరో తినేస్తారు.

లెట్యూస్ కడగడం, ఎముక కాల్చడం, ఉప్పునీళ్ళు కలపడం చీకటి పడకముందే ముగించండి. పండుగ రోజుల్లో కొత్తగా మంట పుట్టించకూడదు, ఉన్న మంట నుంచి అంటించుకోవచ్చు. కాబట్టి దీపాలకు ముందు, కనీసం 48 గంటలు నిలిచే ఒక ప్రమిదో పెద్ద కొవ్వొత్తో వెలిగించి గాలి తగలని చోట పెట్టండి. రెండో రాత్రి దీపాలు, శుక్రవారం సాయంత్రం షబ్బాత్ దీపాలు దాని నుంచే వెలిగించాలి.